పని మాది, మధ్యలో ఈ ప్రాజెక్టు మేనేజరెందుకు?

మహేంద్రతనయ
మాది పర్లాకిమిడి. ఆరుగురం కలిసి ఒక మేడ మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తన్నాం. కింద బియ్యం కొట్టు, పైన మేం. అమెరికాలో ఒహాయోలో పళ్ళ క్లినిక్‌లు నాలుగైదు నడిపే ఒకాయనకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్. పని నేరుగా మాకు రాలేదు. విశాఖలో ఒక కంపెనీకి వచ్చింది, వాళ్ళు మాకిచ్చారు. వాళ్ళ తరఫున ఒక ప్రాజెక్టు మేనేజరు. ఆ పేరు చెప్పి మొత్తంలో 15 శాతం కోసుకుంటన్నారు.

ఈయన చేసేదేటంటే, రోజూ సాయంత్రం ఏడున్నరకి కాల్. "ఎంతవరకొచ్చిందండీ?" అదయ్యాక ఒక ఎక్సెల్ షీటు, ఎవరు ఎన్ని గంటలు ఏం చేశారో నింపాలి. కోడు ఒక్క లైను రాయడు. రాయడం రాదు కూడా. మూడో మైల్‌స్టోన్, అంటే పనిలో మూడో విడత, దాని డబ్బులు నాలుగు లక్షల ఇరవై వేలు రెండు నెల్ల నుంచి ఆగిపోయాయి. అడిగితే "క్లయింట్ ఇంకా సైనాఫ్ ఇవ్వలేదండి" అంటాడు, పని సరిగ్గా అయిందని ఒప్పుకుంటా ఇచ్చే మాట అది. తెప్పించాల్సినోడు ఎవడు మరి?

ఆయన్ని పక్కనపెట్టి క్లయింటుతో మేమే మాట్లాడుకుంటే ఏటవుతాది? ఇంగ్లీషు మాకూ వచ్చు. ఇక్కడ బయటిదేశాల పని చేస్తన్నోళ్ళు చాలామంది ఉన్నారు కదా, చెప్పండి.

గోపాల్‌పూర్ గాలి
ముందు అగ్రిమెంటు తీసి చూడండి. క్లయింటుతో నేరుగా లావాదేవీ పెట్టుకోకూడదని ఒక క్లాజు ఉంటాది. సంతకం పెట్టినప్పుడు మనం చదవం, గొడవొచ్చాక వాళ్ళు చదివి వినిపిస్తారు.

సిరొంచ సీను
15 శాతమేనా అన్నా? నయం. మా దిక్కు తునికాకు (బీడీ ఆకు) కల్లంల కట్టలు లెక్కపెట్టేటోడు ఒక్క ఆకు తెంపడు. ఎండల తిరిగేది మనం, నీడకు కూసుండేది గాయన. కని పైసలు మాత్రం గాయన రాసిన లెక్కకే వస్తయి.

బరంపురం బాబాయి
సీను ఎగతాళికే అన్నాడు గానీ అసలు సంగతి అందులోనే ఉంది. డబ్బొచ్చేది తెంపిన ఆకుకి కాదు, లెక్కలోకెక్కిన కట్టకి.

పదిహేడేళ్ళు ఈ మేనేజరు ఉద్యోగమే చేసి, ఇప్పుడు బరంపురంలో ఇంటిపట్టునున్నాను. కాబట్టి నా మాటల్లో వృత్తి మమకారం కొంత ఉంటుంది, తరుగు తీసేసి చదువుకోండి.

మహేంద్రతనయ గారూ, చిన్న లెక్క. ఇప్పుడు ఒహాయోకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా. మీ కుర్రాడికి పొద్దున్న పదకొండుకి ఒక అనుమానం వచ్చింది. అక్కడ రాత్రి ఒకటిన్నర. క్లయింటు తొమ్మిదికి ఆఫీసులో కూర్చునేసరికి మనకి సాయంత్రం ఆరున్నర. ఆయన మెయిల్ చదివి "మీరు అడిగేది నాకు అర్థం కాలేదు" అని రాశాడనుకోండి, దాన్ని మీవాడు చూసేది మర్నాడు పొద్దున్న. మళ్ళీ రాస్తాడు, మళ్ళీ సాయంత్రం దాకా ఆగుతాడు. పక్క గదిలో ఉంటే రెండు నిమిషాల్లో తేలే అనుమానానికి రెండు రోజులు పోయాయి. మేనేజరు అనేవాడు సాయంత్రం ఐదుకల్లా మీ అనుమానాలన్నీ పోగుచేసి, తను తీర్చగలిగినవి తీర్చేసి, మిగిలినవి "ఇదా, అదా" అని ఒక్క మాటలో జవాబొచ్చేలా మార్చి పంపాలి. ఆ పని బయటికి కనపడదు. కనపడకపోతేనే బాగా చేస్తున్నట్టు.

ఇంకొకటి. నేను సెలవులో ఉన్న వారం మా టీముకి క్లయింటు నుంచి పాత రికార్డుల ఫైలొచ్చింది. అందులో 03/04 అని తేదీ. మనకది ఏప్రిల్ మూడు, అమెరికావాడికి మార్చి నాలుగు. నెల అని అనుకున్నచోట 13, 14 వచ్చిన రికార్డులు ఎర్రర్ కొట్టాయి, అందుకే దొరికింది. 12 లోపు తేదీలు మాత్రం నోరుమూసుకుని తప్పుగా ఎక్కి కూర్చున్నాయి. వాటిని ఏరడానికి ముగ్గురికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంగ్లీషు అందరికీ వచ్చు. అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

అన్నట్టు, నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నించి తేడా పదిన్నర గంటలు. మీ ఏడున్నర కాల్ ఎనిమిదిన్నరకి పోతుంది. ఇప్పుడే రాసిపెట్టుకోండి, ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు ఖాళీ కాల్‌లో గంటసేపు కూర్చుంటాడు.

రాయగడ రాణి
బాబాయి గారు చెప్పినలాంటి మేనేజరు ఎక్కడైనా ఉంటే నాకూ ఒకరిని పంపించండి. నాకు దొరికినవాడు పోస్టుమాన్. అక్కడి మెయిల్ ఇక్కడికి, ఇక్కడి మెయిల్ అక్కడికి, పైన "ఎఫ్‌వైఐ" (మీ సమాచారం కోసం) అని చేర్చి.

నేను టెస్టర్ని. జర్మనీలో యంత్రాల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీకి స్టాకు సాఫ్ట్‌వేర్ చేశాం. ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి సరుకు మారిస్తే రెండుచోట్లా లెక్క ఉండిపోతోందని జూన్ 11న రాసిపెట్టాను. మా మేనేజరు దాన్ని "చిన్న లోపం" వరసలో వేసి, ప్రతి శుక్రవారం రిపోర్టులో ఆకుపచ్చ రంగే పూస్తూ పోయాడు. ఎనిమిది వారాలు. మేం దాన్ని పుచ్చకాయ రిపోర్టు అనేవాళ్ళం. పైకి పచ్చన, కోస్తే ఎర్రన.

డెమో రోజు క్లయింటు తనే కూర్చుని నలభై పెట్టెలు మార్చాడు. తెర మీద ఎనభై కనపడ్డాయి. ఆయన అరవలేదు. "ఇది మీకు ఎప్పట్నించి తెలుసు?" అని ఒక్కటే అడిగాడు. కాల్‌లో పదకొండు మందిమి ఉన్నాం, ఎవరి మైకూ తెరుచుకోలేదు. నేను తెరిచి "జూన్ 11" అన్నాను. మర్నాడు నాకు క్లాసు పీకారు, క్లయింటు ముందు టీము పరువు తీశానని.

అందుకని నా మాట వేరు. మధ్యలో మనిషి ఉంటే ఉండనివ్వండి, కానీ క్లయింటు మాట మీ చెవిన పడాల్సిందే.

బరంపురం బాబాయి
రాణిగారూ, జూన్ 11 అన్నందుకు మీకు దండం. ఎర్రగా ఉన్నదాన్ని ఎర్రగా ఉందని రాసే ధైర్యం లేకపోతే ఆ కుర్చీలో కూర్చోకూడదు. కానీ ఒకటి చెప్పండి, అది మేనేజరు ఉండటం వల్ల వచ్చిన తప్పా, పనికిరాని మేనేజరు వల్ల వచ్చినదా?

రాయగడ రాణి
కింద పనిచేసేవాళ్ళకి ఆ రెండిటికీ తేడా ఎప్పుడు తెలుస్తుంది బాబాయి గారూ? ఎనభై పెట్టెలు కనపడ్డాకే కదా.

ఛత్రపురం చిన్నోడు
మా గంజాంవోళ్ళకి ఇది కొత్తేటి? సూరత్ మగ్గాలకి మనుషుల్ని తీసుకెళ్ళే సర్దారు ఉంటాడు కదా, రైలు టికెట్టు నుంచి గది దాకా ఆడే చూస్తాడు, మన జీతంలోంచి ఆడే తీస్తాడు. ఇప్పుడు సర్దారుకి లాప్‌టాప్ వచ్చింది.

ధర్మాబాద్ మిర్చి
నవ్వులాట సరే, అసలు ప్రశ్న ఎవ్వరు అడగలేదు. ఫిక్స్‌డ్ ప్రైసా, గంటల లెక్కా? గంటల లెక్క అయితే ఆ ఎక్సెల్ షీటే నీకు అన్నం పెడ్తది, తిట్టకు. ఫిక్స్‌డ్ అయితే షీటుతోని నీకు పనిలేదు, స్కోప్ కాగితంతోని పని. ఏం చేస్తామన్నం, ఏం చెయ్యమన్నం, అయిపోయిందని ఎట్ల తేలుస్తం, గీ మూడూ అందుల రాసి ఉన్నయా? మూడోది లేకుంటే సైనాఫ్ జన్మల రాదు.

నేను బాసర దాటి నిజామాబాద్ పోయి వస్తుండే, ఒక లండన్ క్లయింటు పని. "ఒక చిన్న బటన్ పెట్టు బాబూ" అన్నడు. బటన్ చిన్నదే. దాన్ని ఒత్తితే ఏం కావాలన్నది మూడు వారాల పని. ఒక్క పైసా ఎక్కువ రాలేదు.

మహేంద్రతనయ
ఫిక్స్‌డే. 18 లక్షలు, ఐదు మైల్‌స్టోన్‌లు. స్కోప్ కాగితం ఉంది, నాలుగు పేజీలు. "యూజర్ అపాయింట్‌మెంట్ మార్చుకోగలగాలి" అని ఒక లైను ఉంది. దాని కిందే మూడో మైల్‌స్టోన్ ఆగింది. మేం మార్చుకునే స్క్రీన్ ఇచ్చాం, పనిచేస్తంది. ఇంకేం కావాలో తెలీదు.

బరంపురం బాబాయి
"యూజర్" అంటే ఎవరు? పేషెంటా, క్లినిక్‌లో ముందు కూర్చునే అమ్మాయా?

మహేంద్రతనయ
మేం క్లినిక్ అమ్మాయి అనుకున్నాం.

సిరొంచ సీను
అనుకున్నరు. 😀

మొహనా మలుపు
మేనేజర్ల మీద అందరూ రాళ్ళేస్తున్నారు, ఒక మంచి మాట నేను చెప్తాను. 2018లో నేను పర్లాకిమిడిలోనే ఉండి హైదరాబాద్ కంపెనీకి పనిచేసేవాణ్ణి, క్లయింటు కెనడా. మా మేనేజరమ్మ దగ్గర ఒక పట్టీ ఉండేది, ఏమేం చెడిపోవచ్చో రాసుకునేది. అందులో "అక్టోబరు, తుఫాను" అని ఒక వరస. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆవిడ టీములో ఒకతను వారం పాటు దొరకలేదట, అప్పట్నించి రాస్తోంది. మేం నవ్వుకునేవాళ్ళం.

అక్టోబరు 9న ఆవిడే ఫోన్ చేసింది. కోడంతా సర్వర్లోకి ఎక్కించెయ్, లాప్‌టాప్ పట్టుకుని రేపు మధ్యాహ్నంలోగా విశాఖ వచ్చెయ్, గది తీసి పెట్టాను అని. క్లయింటుకి అదే రాత్రి మెయిల్, "మా మనిషి ఒకరు తుఫాను దారిలో ఉన్నారు, ఈ మూడు పనులు పది రోజులు వెనక్కి జరగొచ్చు." అమ్మానాన్నల్ని కూడా కారులో ఎక్కించుకుని పోయాను. 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది. గజపతి జిల్లా ఏమయిందో ఇక్కడున్న అందరికీ తెలుసు. మా వీధిలో తొమ్మిది రోజులు కరెంటు లేదు. టవర్లు లేవు. నేనా తొమ్మిది రోజులూ అక్కడే ఉంటే, కెనడావాడికి నేను పని ఎగ్గొట్టి పారిపోయినోణ్ణి.

వాడు తిరిగి రాసిన మెయిల్లో పని గురించి ఒక్క ముక్క లేదు. "మీ ఇల్లు ఎలా ఉంది?" అని ఉంది.

ఛత్రపురం చిన్నోడు
ఈ సర్దారమ్మకి 15 కాదు, 20 ఇవ్వొచ్చు.

గోపాల్‌పూర్ గాలి
ఆ మెయిల్ తుఫానుకి ముందే వెళ్ళింది కాబట్టి. తర్వాత వెళ్ళుంటే అదే సంగతి సాకులాగ కనపడేది.

పాతపట్నం పక్కన
మనవాళ్ళ ఇంకో జబ్బు "చూద్దాం". "శుక్రవారానికి అయిపోతుందా?" అంటే "చూద్దామండి" అంటాం. అవదని మనకి తెలుసు, వినే తెలుగువాడికీ తెలుసు. అమెరికావాడు దాన్ని అవుతుందనే రాసుకుంటాడు. కాల్‌లో మనం "ఊఁ, ఊఁ" అనేది వింటున్నానని చెప్పడానికి. వాడికది ఒప్పుకున్నట్టు. మా పాత మేనేజరు కాల్ అయిన పావుగంటలో ఐదు లైన్ల మెయిల్ కొట్టేవాడు, ఎవరు ఏది ఎప్పటికి ఒప్పుకున్నారో. నా పేరు పక్కన తేదీ చూసి గుండె ఆగినంత పనయ్యేది. నేనెప్పుడు ఒప్పుకున్నాను అంటే, "మీరు ఊఁ అన్నారండి" అనేవాడు.

బరంపురం బాబాయి
గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో మాట్లాడటానికి సవర భాష నేర్చుకున్నది మహేంద్రతనయ గారి ఊళ్ళోనే. బడిలో మేస్టారు ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే. ఎదుటివాడు ఊఁ అంటే ఏమని అర్థమో తెలుసుకోవడానికి అంత ఓపిక ఉండాలి. మన ఉద్యోగాల్లో ఆ ఓపికకి 15 శాతం అడుగుతాం, అదీ తేడా.

లెక్కల లచ్చిరెడ్డి
డబ్బు వైపు నుంచి ఒక మాట. నేరుగా క్లయింటుతో వెళ్దామనుకునే ముందు ఇది చూసుకోండి. ఇప్పుడు మీరు ఒడిశాలో ఉండి విశాఖ కంపెనీకి బిల్లు రాస్తున్నారు. అది దేశం లోపలి సర్వీసు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జీఎస్టీ) 18 శాతం. నేరుగా ఒహాయోకి బిల్లు రాసి, డబ్బు విదేశీ మారకంలో వస్తే అది ఎగుమతి, జీరో రేటెడ్, అంటే పన్ను సున్నా. పన్ను కట్టకుండా పంపాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ అనే హామీపత్రం వెయ్యాలి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేశామని చూపించే సాఫ్టెక్స్ ఫారాలు వేరే. బ్యాంకువాడు అడిగే కాగితాలు వేరే. పన్ను మిగులుతుందని సంబరపడి ఈ తిరుగుడు మర్చిపోవద్దు. ఇప్పుడిదంతా ఆ కంపెనీ నెత్తిన ఉంది. ఆ 15లో దీని వాటా ఎంతో కూడా లెక్కేసుకోండి.

గుణుపురం కుర్రోడు
నేను ఫైనలియర్. ఇవన్నీ చదివాక అడుగుతున్నా, పీఎంపీ (ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష) చేస్తే డైరెక్టుగా మేనేజరు అయిపోవచ్చా?

బరంపురం బాబాయి
అవ్వలేవు నాయనా. డిగ్రీ ఉన్నవాడికి కూడా ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపించమంటారు, దాని మీద 35 గంటల శిక్షణ. నేను రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. నడుం పట్టేసింది. ముందు రెండేళ్ళు ఎవరి కిందైనా పనిచేసి తిట్లు తిను, ఆ పరీక్షలో సగం ప్రశ్నలు ఆ తిట్లే.

మహేంద్రతనయ
నిన్న ఆదివారం కూర్చుని ఆ మేనేజరు పంపిన మెయిళ్ళన్నీ మొదట్నించి తిరగేశాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మార్చి నుంచి స్కోపులో మార్పుల మీద ఆయన రాసినవి పదకొండు. ఏడింటికి జవాబిచ్చాం. నాలుగింటికి ఇవ్వలేదు. అందులో ఒకటి సరిగ్గా ఇదే: "మార్చుకునేది పేషెంటా, స్టాఫా? పేషెంటయితే ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలి, ఇది అదనపు పని, చేంజ్ రిక్వెస్ట్ వేద్దామా?" దాని కింద నేనే ఫోన్లో "చిన్నదానికి కాగితాలెందుకండి, చూద్దాం" అన్నానట. ఆయన ఆ మాట కూడా రాసిపెట్టాడు, తేదీతో.

క్లయింటు ఆ మెసేజ్ కోసమే కూర్చున్నాడు. మేం డబ్బు కోసం కూర్చున్నాం.

పాతపట్నం పక్కన
చూద్దాం!!

సిరొంచ సీను
అన్నా, కల్లంల కట్టలు లెక్కలకు ఎక్కియ్యలే నువ్వు.

మహేంద్రతనయ
ఒప్పుకుంటన్నాను. అయినా ఆయన తప్పు లేదనను. జవాబివ్వకపోతే ఇంకోసారి గట్టిగా అడగొద్దా? రెండు నెలలు "సైనాఫ్ రాలేదండి" అనే అన్నాడు గానీ "మీ జవాబు రాలేదు కాబట్టి సైనాఫ్ రాలేదండి" అని ఒక్కసారీ అన్లేదు. ఆ రోజువారీ షీటు మాత్రం ఫిక్స్‌డ్ పనికి దండగే, ఆ మాట మీద నేను ఉన్నాను.

రాయగడ రాణి
నేను మొదట్నించీ అదే చెప్తున్నాను. మెయిల్లో రాసి చేతులు దులుపుకున్నా పోస్టుమానే. ఇప్పుడు ఆయన్ని రెండే అడగండి. వారానికొకసారి క్లయింటు కాల్‌లో మీరూ ఉండాలి, మాట్లాడక్కర్లేదు, వినాలి. రోజువారీ షీటు తీసేసి, దాని బదులు జవాబు రాని ప్రశ్నలు ఎన్ని, ఎవరి దగ్గర ఎన్ని రోజుల్నుంచి పడున్నాయి అనే పట్టీ పెట్టాలి. మీ పేరు పక్కన 61 రోజులు అని కనపడుంటే మీరూ ఊరుకునేవారు కాదు.

బరంపురం బాబాయి
ఈ పట్టీ సంగతిలో రాణిగారితో నాకు పేచీ లేదు. కాల్‌లో కూర్చునే విషయం మాత్రం జాగ్రత్త. క్లయింటు అందరి ముందూ "ఇదొక్కటి చేసెయ్యండి" అంటాడు, మీ కుర్రాడు మొహమాటానికి సరే అంటాడు. ధర్మాబాద్ ఆయన చెప్పిన చిన్న బటన్ అదే. వినండి, కానీ "మా మేనేజరు గారితో మాట్లాడి చెప్తాం" అనే వాక్యం ఒకటి కంఠతా పట్టుకుని వెళ్ళండి. మేనేజరుకి మీరు తీసే 15 శాతంలో ఆ ఒక్క వాక్యం విలువే సగం.

ధర్మాబాద్ మిర్చి
నాకు ఆ వాక్యం నాలుగేండ్ల కింద తెలిసుంటే బాగుండు.

మహేంద్రతనయ
ఎలాగయిందని ఇద్దరు మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తన్నాను.

ఆయనతో గంటన్నర మాట్లాడాను. మనిషి మంచోడే. పద్నాలుగు మంది చేత పని చేయిస్తన్నాడంట, మేం అందులో ఆరుగురం. షీటు తీసేశారు. మెసేజ్ పని వేరే చేంజ్ రిక్వెస్ట్ కింద పెట్టాం, లక్షా పదివేలకి ఒప్పుకున్నాడు క్లయింటు. మూడో మైల్‌స్టోన్‌లో మూడు లక్షలు వచ్చాయి, మిగతాది మెసేజ్ పరీక్ష చేశాక. వారం కాల్‌లో నేనూ ఉంటన్నాను. క్లయింటు నెమ్మదస్తుడు, వెనకాల కుక్క ఒకటి అరుస్తూ ఉంటాది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మీకు తెలుస్తాది. నిన్న సోమవారం ఏడున్నరకి కాల్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఏడూ నలభై అయింది. మేనేజరు కూడా రాలేదు, ఈయనకి బాధ్యత లేదని మళ్ళీ కోపమొచ్చింది. ఎనిమిదింటికి ఫోన్ చేద్దామని మెయిల్ తెరిస్తే, శుక్రవారం ఆయన పంపిన మెయిల్ చదవకుండా అలాగే ఉంది. "సోమవారం నుంచి కాల్ ఎనిమిదిన్నరకి, అమెరికాలో గడియారం మారుతోంది."

బరంపురం బాబాయి
నాలుగో పోస్టులో నేను రాశాను!

మహేంద్రతనయ
చూశాను బాబాయి గారూ. చూద్దాంలే అనుకున్నాను.